అత్తయ్య చేతికి గుచ్చిన చేపను ఇంట్లో ఉంచుకోవచ్చా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఇంట్లో భార్యాభర్తలు, ఐదేళ్ళ బాబు. ఆరు నెలలు ఉండి వెళ్దామని భీమవరం వైపు నుంచి అత్తగారు వచ్చారు. హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది, 75 గ్యాలన్లది. అది పూర్తిగా భర్తగారి సరదా. రెండేళ్ళ కిందట రాళ్ళ నిండా వెంట్రుకల్లాంటి నాచు పట్టి టాంకు చూడబుద్ధి కాకుండా తయారైంది. దుకాణంవాళ్ళ సలహాతో ఆయన ఫాక్స్‌ఫేస్ అనే ర్యాబిట్‌ఫిష్‌ను తెచ్చారు. పసుపు ఒళ్ళు, నలుపూ తెలుపూ చారల మొహం. కొద్ది వారాల్లోనే నాచంతా తినేసింది. బాబు దానికి ‘బన్నీ’ అని పేరు పెట్టుకున్నాడు. అత్తగారు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందే కూర్చుంటారు.

మూడు వారాల కిందట, ఆయన ఆఫీసులో ఉండగా, ఆ చేప పంపు వెనక ఇరుక్కుని కొట్టుకుంటోంది. జీవితమంతా చేపలు శుభ్రం చేసిన చెయ్యే కదా అని అత్తగారు నీళ్ళలో చెయ్యి పెట్టి దాన్ని పట్టుకున్నారు. బొటనవేలి కింద ముల్లు దిగింది. నిమిషాల్లో నొప్పి మోచేతి దాకా పాకింది. ఐసు పెట్టారు, పసుపు అద్దారు, ఉన్న నొప్పి మాత్ర ఇచ్చారు. ఏదీ పనిచెయ్యలేదు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే విజిటర్ ఇన్సూరెన్స్ ఎంత కడుతుందో, చేతి నుంచి ఎంత పడుతుందో తెలియక ఆగిపోయారు. ఆవిడ షుగరు మనిషి కూడా. రాత్రంతా ఏడుస్తూనే ఉన్నారట. మర్నాటికి నొప్పి తగ్గింది, వాపు మాత్రం మూడు రోజులుంది.

‘‘ఆ చేపను ఇచ్చెయ్యండి అన్నాను. దాని తప్పేముంది, చెయ్యి పెట్టమని ఎవరన్నారు అని ఆయన. సొంత తల్లి గురించి అలా మాట్లాడతారా అని నేను. అప్పటి నుంచీ మాటల్లేవు. బాబు స్టూలు వేసుకుని టాంకు అంచు పట్టుకుంటాడు, నాకు గుండె ఆగిపోతుంది. పైగా ఆ చేప ఇప్పుడు పగడాలు కొరుకుతోంది. ఆయన ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న జోయాంథిడ్లనే పగడాలు సగం పోయాయి. నేను మేత సరిగ్గా వెయ్యడం లేదట, అందుకేనట. డిసెంబరులో ఆయన నాలుగు వారాలు పని మీద హైదరాబాదు వెళ్తున్నారు, టాంకు భారం నా మీదే. రాత్రి లైటు ఆరాక చూస్తే చేప రంగంతా పోయి ఒంటి నిండా గోధుమరంగు మచ్చలు. నా చేతిలో చచ్చిపోతే ఆ నింద జన్మంతా మొయ్యాలి. ఆయనకు అదొక్కటే మనశ్శాంతి అంటారు. నాకు అదొక్కటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?’’

మీ ఉత్తరంలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. చేప వల్ల ప్రమాదమెంత అన్నది ఒకటి. దాన్ని ఎలా చూసుకోవాలన్నది ఇంకొకటి. ఒక మనిషి సరదా ఇంట్లో మిగతావాళ్ళకి బరువు కావడం మూడోది. ఈ మూడూ కలిపి వాదించుకుంటున్నారు కాబట్టే ఇద్దరికీ ఎదుటివాళ్ళ మాట తలకెక్కడం లేదు. ముందు భయం సంగతి చూద్దాం. అది తేలకుండా మీకు మిగతావి వినబుద్ధి కాదు.

ర్యాబిట్‌ఫిష్ జాతి చేపలన్నిటికీ విషపు ముళ్ళుంటాయి. వీపు మీద 13, తోక వైపు కడుపు కింద 7, రెండు పొత్తికడుపు రెక్కల్లో రెండేసి, మొత్తం 24. ముల్లుకు పక్కన గాడి ఉంటుంది, అందులో విషపు గ్రంథి. ముల్లు చర్మంలో దిగినప్పుడు పైతోలు చిరిగి ఆ విషం గాయంలోకి వెళ్తుంది. ఇది పూర్తిగా ఆత్మరక్షణ. మనిషి మీదికి వచ్చి పొడిచే అలవాటు దానికి లేదు. భయపడితే ముళ్ళన్నీ నిక్కపొడుచుకుని కదలకుండా నిలబడుతుంది, అంతే. అత్తయ్యగారు పట్టుకున్నది అప్పటికే ప్రాణభయంతో ఉన్న చేపని. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి జెల్ల ముల్లు, ఇంగిలాయి ముల్లు గుచ్చుకోవడం కొత్త కాదు. కాబట్టి ఆవిడ తెలివితక్కువగా చేశారని ఎవరూ అనకూడదు. ఈ పసుపు చేపకీ అలాంటి ముల్లు ఉంటుందని ఆవిడకి చెప్పినవాళ్ళెవరు?

ఈ విషం మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకు సాధారణంగా ప్రాణాంతకం కాదు. నొప్పి మాత్రం భరించలేనంతగా ఉంటుంది. దీనికి ఐసు మందు కాదు, వేడినీళ్ళు. ఆ విషంలో ఉండేవి ప్రొటీన్లు, వేడికి అవి చెడిపోతాయి. గుచ్చుకున్న చేతిని 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ నీళ్ళలో, మీ దగ్గరి లెక్కలో 104 నుంచి 113 ఫారెన్‌హీట్, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. చల్లారుతుంటే మళ్ళీ వేడినీళ్ళు కలపాలి. ఆ వేడిని దెబ్బ తగిలిన చేత్తో చూడకూడదు, నొప్పిలో ఎంత వేడో తెలియదు. షుగరు ఉన్నవాళ్ళకైతే మామూలప్పుడే స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి మీరు మీ చేత్తోనో, థర్మామీటరుతోనో చూసి పెట్టాలి. మరిగే నీళ్ళు వద్దు, బొబ్బలెక్కుతాయి. ఊపిరి ఆడకపోవడం, మొహం, పెదాలు వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఇన్సూరెన్స్ లెక్కలు పక్కన పెట్టి 911కి ఫోన్ చెయ్యాలి. అంత లేకపోతే పాయిజన్ కంట్రోల్ వాళ్ళ 1-800-222-1222 నంబరు ఉంది. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు తీసుకోరు. ఆ రాత్రి మీకు ఈ నంబరు తెలిసి ఉంటే సగం బాధ తప్పేది. ఇప్పుడే ఫ్రిజ్ మీద అంటించండి.

చేప కన్నా మీ టాంకులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన జోయాంథిడ్లు. చూడ్డానికి రంగురంగుల గుండీల్లా ఉండే ఆ పగడాల్లో కొన్నిటికి, ముఖ్యంగా పాలిథోవా రకానికి, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. ఏ గుండీలో ఉంది, ఏ గుండీలో లేదు అన్నది కంటితో చెప్పలేం. నీళ్ళలో వాటి మానాన అవి ఉంటే సాధారణంగా ఎవరికీ ఏమీ కాదు. కానీ ఆ రాయిని బయటకు తీసి బ్రష్షుతో రుద్దినా, నాచు పోతుందని మరిగే నీళ్ళు పోసినా ఆ విషం ఆవిరితో, తుంపరతో గాల్లో కలుస్తుంది. ఈ విషం మరిగించినా చావదు. ఇలా రాళ్ళు శుభ్రం చేసి కుటుంబం మొత్తం ఆస్పత్రి పాలైన సంఘటనలు అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ ఉన్నాయి. ఇక్కడ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ముల్లు గుచ్చుకున్న చేతికి వేడినీళ్ళు మంచివి, పగడాల రాయికి మాత్రం వేడినీళ్ళు తగలనే కూడదు. డిసెంబరులో ఆయన లేనప్పుడు ఆ రాళ్ళను మీరు ముట్టుకోనే వద్దు. ఎవరైనా ముట్టుకోవలసి వస్తే గ్లవ్స్, కళ్ళకు రక్షణ అద్దాలు ఉండాలి. ఇది మీవారికి తెలుసో లేదో అడగండి. తెలియకపోతే ఈ పేరా చూపించండి.

ఇప్పుడు చేప ఆకలి. ర్యాబిట్‌ఫిష్ శాకాహారి. పశువు మేసినట్టు పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ళ మీద నాచు కొరుకుతూనే ఉంటుంది. దాని ఆకలి ఎంతో చెప్పాలంటే ఒక సంగతి చెప్పాలి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్రసముద్రంలోని రెండు రకాల ర్యాబిట్‌ఫిష్‌లు కాలక్రమంలో మధ్యధరా సముద్రంలోకి చేరాయి. టర్కీ, గ్రీసు తీరాల్లో కొన్నిచోట్ల దట్టంగా పెరిగే సముద్రపు నాచును మేసేసి రాళ్ళను బోడిగా మిగిల్చాయి. సముద్రాన్నే మేసిన జాతికి మీ నాలుగడుగుల టాంకు ఎన్నాళ్ళు వస్తుంది? నాచు అయిపోయింది. నాచు తినడానికి తెచ్చిన చేపకు నాచు లేదు. పక్కన మెత్తగా పగడాలు కనిపించాయి, కొరికింది. మీరు వేసే మేత తక్కువ కావడం కాదు, దానికి తగిన మేత కాకపోవడం. మీరు వేస్తున్న ఫ్రోజెన్ రొయ్య మేత టాంకులో మిగతా చేపలకు సరిపోతుంది గానీ దానికి కాదు. కాబట్టి ఆ నింద మీది కాదు.

సుషీకి వాడే నోరీ ఆకు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, తెండి. ఉప్పూ నూనే పట్టించిన చిరుతిండి రకం కాదు, ఏమీ కలపని ఉత్త ఆకు. అరచేతి పాటి ముక్కను క్లిప్పుతో అద్దానికి తగిలించండి, చెయ్యి తడవనక్కర్లేదు. మొదటి ఒకటి రెండు రోజులు వాసన చూసి వెళ్ళిపోవచ్చు, తర్వాత మీరు క్లిప్పు పెట్టేలోపే వస్తుంది. సాయంత్రానికి మిగిలింది తీసెయ్యండి. స్పిరులినా కలిసిన గుళికలు దానికి తోడు. కడుపు సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. చేప మీ వైపు ముఖం పెట్టి నిలబడ్డప్పుడు పొట్ట గుండ్రంగా ఉంటే బాగున్నట్టు, రెండు పక్కలా లోపలికి నొక్కినట్టుంటే చాలడం లేదన్నట్టు. కానీ ఒక మాట చెప్పాలి. పగడం రుచి మరిగిన చేప కడుపు నిండినా కొరకడం మానకపోవచ్చు. నెల రోజులు నోరీ పెట్టి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

రాత్రి మచ్చల గురించి భయపడకండి. అది దాని నిద్ర రంగు. చీకట్లో కనపడకుండా ఉండడానికి పసుపు పోగొట్టుకుని మసక గోధుమరంగు మచ్చల్లోకి వెళ్ళిపోతుంది. ఉలిక్కిపడినప్పుడు పగలు కూడా అలాగే మారుతుంది. లైటు వెలిగిన కాసేపటికి పసుపు తిరిగి రావాలి. గంట దాటినా రాకపోయినా, మొప్పలు వేగంగా ఆడుతున్నా, ఒంటి మీద ఉప్పుగల్లంత తెల్ల చుక్కలు కనిపించినా అప్పుడు అది జబ్బు. అలా జరిగితే మీరు చెయ్యకూడని పని ఒక్కటే. రాగి మందును పెద్ద టాంకులో పొయ్యకండి, పగడాలూ నత్తలూ చచ్చిపోతాయి. ఆ వైద్యం వేరే తొట్టెలో చెయ్యాలి.

అది పంపు వెనక ఎందుకు ఇరుక్కుందన్నదీ ఆలోచించాలి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో ర్యాబిట్‌ఫిష్ జంటలను గమనించిన శాస్త్రవేత్తలు 2015లో ఒక సంగతి ప్రచురించారు. జంటలో ఒకటి రాతి సందులో తల దూర్చి మేస్తుంటే, రెండోది తల పైకెత్తి కాపలా కాస్తుంది. తర్వాత వంతు మారుతుంది. మీ ఫాక్స్‌ఫేస్ కూడా ఆ పరిశోధనలో చూసిన జాతుల్లో ఒకటి. అంటే మీ బన్నీకి కాపలా కాసే తోడు లేదు. హాల్లో ఎవరైనా పరుగెత్తినా బెదిరి ఏదో సందులో దూరుతుంది. అలాగని ఇంకొకటి తెచ్చి జత కట్టించొచ్చు అనుకోవద్దు. ఆడా మగా పైకి తెలియవు, ఈ సైజు టాంకులో రెండూ కొట్టుకునే అవకాశమే ఎక్కువ. పంపు వెనక సందు మూసేసి, రాళ్ళ మధ్య అది హాయిగా దూరే గుహ ఒకటి చేసిపెట్టమని మీవారికి చెప్పండి. ఇది చిన్న పనే గానీ, అత్తయ్యగారికి ఆ రాత్రి బాధ వచ్చిందే ఆ సందు వల్ల.

ఇక ఉంచాలా, ఇచ్చెయ్యాలా. ఆ నిర్ణయం మీ ఇంటిది, నేను చెయ్యలేను. ఏ దారిలో వెళ్తే ఏం జరుగుతుందో మాత్రం చెబుతాను.

ఉంచుకుంటే మొదటి షరతు మూత. పైన పూర్తిగా కప్పే, పిల్లాడు ఎత్తలేని జాలీ మూత. స్టూలు ఆ గదిలో ఉండకూడదు. అద్దం తుడవడానికి అయస్కాంతపు తుడుపు, లోపల ఏదైనా సర్దాలంటే పొడవాటి పట్టకారు. ఆ చేపను పట్టవలసి వస్తే వల వాడకూడదు, ముళ్ళు వలలో చిక్కుకుని చేపకూ మనిషికీ ప్రమాదం. గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి మళ్ళించి నీళ్ళతో సహా ఎత్తాలి. ఇవన్నీ చేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ మిగిలినదానితో మీరు ప్రశాంతంగా నిద్రపోగలరా అన్నది మీరు మీకే నిజాయితీగా చెప్పుకోవాలి. లేరంటే అది పిరికితనం కాదు.

ఇచ్చెయ్యాలనుకుంటే అమెరికాలో ఆ వీలుంది. కొన్ని దుకాణాలు ఆరోగ్యంగా ఉన్న ఫాక్స్‌ఫేస్‌ను తిరిగి తీసుకుని స్టోర్ క్రెడిట్ ఇస్తాయి. టాంకు పెద్దదై చేప కోసం చూస్తున్న హాబీవాళ్ళు డాలస్ చుట్టుపక్కల తక్కువేమీ కాదు. చేపకు కూడా అది మేలే కావచ్చు. ఈ జాతి తొమ్మిది అంగుళాల దాకా పెరుగుతుంది, దానికి ఆరడుగుల టాంకు ఉండాలని అనుభవం ఉన్నవాళ్ళంటారు. కాకపోతే అది వెళ్ళాక నాచు మళ్ళీ వస్తుంది. నాచుకు అసలు కారణం నీళ్ళలో పేరుకునే నైట్రేటు, ఫాస్ఫేటు. అతిగా వేసే మేత, ఎక్కువసేపు వెలిగే లైటు, శుద్ధి చెయ్యని నీళ్ళు దాన్ని పెంచుతాయి. చేప ఆ కారణాన్ని తియ్యలేదు, పైన కనిపించేదాన్ని తిన్నది. నత్తలు, లాన్‌మోవర్ బ్లెన్నీ లాంటి విషం లేని చేప కొంత పని చేస్తాయి. టాంగ్ చేప తెద్దామని ఆయనంటే, దాని తోక మొదట్లో కత్తి లాంటి ముల్లు ఉంటుందని గుర్తు చెయ్యండి. బాబుకు చెప్పకుండా మాత్రం పంపొద్దు. బన్నీ ఎక్కడికి వెళ్తోందో, ఎందుకు వెళ్తోందో చెప్పి, వాడి చేత టాటా చెప్పించండి.

పెద్ద టాంకు కొనడం మూడో దారి. 125 గ్యాలన్లు, ఆరడుగులు. చేపకు నిజంగా సుఖం. కానీ నీళ్ళ బరువే దాదాపు అర టన్ను, స్టాండు, లైట్లు, పంపులు కలిపితే ఖర్చు వేల డాలర్లలోకి పోతుంది. డిసెంబరులోపు అయితే వద్దే వద్దు, కొత్త టాంకు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. మీకు ఇష్టం లేకుండా కొంటే ఇప్పటి గొడవ రెట్టింపవుతుంది.

ఒక్క దారి మాత్రం లేదు. కోపంలో ఎవరూ దాన్ని తీసుకెళ్ళి చెరువులోనో, గాల్వెస్టన్ దగ్గర సముద్రంలోనో వదలకూడదు. మంచినీళ్ళలో చచ్చిపోతుంది. సముద్రంలో బతికిందంటే ఇంకా నష్టం. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదటిసారి కనిపించిన లయన్‌ఫిష్, అక్వేరియాల నుంచి వదిలినవాటి వల్లే వచ్చిందని అనుకుంటారు, ఇవాళ కరీబియన్ అంతా నిండి అక్కడి చేపలను తినేస్తోంది.

నా మనసులో మాట చెప్పమంటే, ఇవాళే పంపొద్దు. అలాగని డిసెంబరు దాకా నాన్చొద్దు కూడా. రెండు వారాల గడువు పెట్టండి. ఆ లోపు మూత రావాలి, పంపు సందు మూసుకోవాలి, నోరీ మొదలవ్వాలి, ఏ రోజు ఏం చెయ్యాలో ఆయన తెలుగులో ఒక కాగితం మీద రాసి టాంకు పక్కన అంటించాలి. ఆ తర్వాత ఒక వారం టాంకు పని మొత్తం మీరు చెయ్యాలి, ఆయన పక్కనే నిలబడాలి, అడిగితే తప్ప మాట్లాడకూడదు. ఆవిరైన నీళ్ళకు బదులు పోసేది ఉప్పునీళ్ళు కాదు, శుద్ధి చేసిన మంచినీళ్ళు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్ళే పోస్తూ పోతే టాంకు రోజురోజుకూ చిక్కబడుతుంది. ఇలాంటివి ఆయనకు ఒంటబట్టి ఉంటాయి, మీకు చెప్పాలని తట్టదు. నీళ్ళు దానంతటదే పోసుకునే పరికరం, లైటుకు టైమరు, కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టించండి. 2021 ఫిబ్రవరి చలి తుఫానులో టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రెండు వారాల్లో ఇవి జరగకపోతే, లేదా జరిగినా ఆ వారంలో మీకు ధైర్యం రాకపోతే, ఆయన విమానం ఎక్కేలోపే చేప వెళ్ళిపోవాలి. ఈ షరతును ముందే, ప్రశాంతంగా, బాబు నిద్రపోయాక చెప్పండి. ‘చేప కావాలా నేను కావాలా’ అన్న పోటీలోకి దిగొద్దు. ‘మీ మనశ్శాంతి పోగొట్టాలని నాకు లేదు, దాన్ని ఒంటరిగా కాపాడే పని నా మీద పెట్టకండి’ అనండి. దాని తప్పేముంది అన్న ఆయన మాట నిజమే. ఇంట్లోకి విషపు ముళ్ళున్న జీవిని తెచ్చినప్పుడు ఇంట్లో అందరికీ చెప్పాల్సిన బాధ్యత తనదన్నదీ అంతే నిజం. దుకాణంవాళ్ళు ఆయనకు చెప్పకపోయి ఉండొచ్చు, కాబట్టి నిలదీయకుండా అడగండి.

ఈ మాటల్లో అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టుకోండి. నొప్పి పడింది ఆవిడ. రోజూ పొద్దున దాని ముందు కూర్చునేదీ ఆవిడే. ఉత్తరమంతా వెతికాను, చేపను ఏం చెయ్యాలని ఆవిడను అడిగినట్టు మీ ఇద్దరిలో ఎవరూ కనిపించలేదు.

ఆవిడ చేతిని కూడా ఇంకోసారి చూడండి. మూడు వారాలైనా బొటనవేలి కింద నొక్కితే నొప్పి ఉన్నా, గట్టిగా గడ్డలా తగిలినా, ఎర్రగా వేడిగా ఉన్నా ముల్లు ముక్క లోపల మిగిలిందేమో. షుగరు ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. ఎమర్జెన్సీ అక్కర్లేదు, అర్జెంట్ కేర్ క్లినిక్ చాలు. సముద్రపు చేప ముల్లు గుచ్చుకుందని, ఉప్పునీటి టాంకులో జరిగిందని వాళ్ళకు ముందే చెప్పండి, ఆ సూక్ష్మజీవులకు ఇచ్చే మందులు వేరుగా ఉండొచ్చు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో గుర్తు లేకపోతే అదీ అడగండి.